మసి పడని మిద్దె

బోధన్‌లో ఇల్లు వెతకడానికి బయలుదేరే ముందు నా పాత కాలేజీ నోటుబుక్కు వెనక పేజీలో పదకొండు షరతులు రాసుకున్నాను. బావి ఇంటి ఆవరణలోనే ఉండాలి. ఫ్యాక్టరీ గేటు పావుగంట నడకలో ఉండాలి. పిలిస్తే వచ్చే డాక్టరు ఉండాలి. రేపు పాపను వేయడానికి దగ్గర్లో బడి ఉండాలి. వాకిటి ముందు మురుగు కాలువ ఉండకూడదు. ఇల్లుగల వాళ్ళు అస్తమానం వచ్చి వంటింట్లోకి తొంగిచూసే రకం కాకూడదు. ఇలా సాగింది ఆ జాబితా. పదకొండోది రాశాక దాని కింద రెండు గీతలు గీశాను. పాపకు మంచి గాలి ఆడాలి.

పాపకు అప్పుడు రెండేళ్ళు. అంతకు ముందు చలికాలం హైదరాబాదులో మేమున్న ఇరుకు గదిలో దానికి రెండుసార్లు దమ్ము వచ్చింది. డొక్కలు ఎగరేస్తూ, పిల్లికూనలా కూతలు పెడుతూ అది ఊపిరి తీస్తుంటే నేను దాని పక్కన కూర్చుని ఒక్కొక్క ఊపిరీ లెక్కపెట్టాను. ఆ లెక్కపెట్టే అలవాటు నాకు ఇంకా పోలేదు. అది హాయిగా నిద్రపోతున్నా ఓసారి వంగి వింటాను.

ఆయనకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఉద్యోగం వచ్చిందని తెలియగానే మా అమ్మ సంతోషపడింది. ఆ వెంటనే నన్ను పక్కకు పిలిచి తన షరతు తాను చెప్పింది.

"ఈ చలికాలం సూస్త బిడ్డా. మల్ల రెండుసార్లు దమ్మొచ్చిందంటే పిల్లను పట్టుకొని నా దగ్గరికి వచ్చెయ్యాలె. మొగోడు ఎక్కడైనా బతుకుతడు. గంత చిన్న పాణం బతకద్దా?"

నేను సరేనన్నాను. అనక తప్పలేదు, ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆయన ఒక ఊళ్ళో, మేమొక ఊళ్ళో. పాప వాళ్ళ నాన్నను పండగలకు వచ్చే చుట్టంలా చూస్తుంది. అందుకే ఈ ఇల్లు వెతకడం నాకు ఒట్టి ఇల్లు వెతకడం కాలేదు.

కొత్తగా చేరిన వాళ్ళకు ఆ ఏడు ఫ్యాక్టరీ క్వార్టర్లు లేవు. అందుకని వానాకాలంలో పాపను అమ్మ దగ్గర వదిలి ఇద్దరం బయలుదేరాం. మొదట నిజామాబాదులో దిగాం. పట్నంలో ఉండి బోధన్‌కు పోయి వచ్చే ఉద్యోగులు కొందరున్నారని ఎవరో చెప్పారు. కంఠేశ్వర్‌లో గుడికి రెండు వీధుల అవతల ఒక ఇల్లు చూశాం. సున్నం వేసిన గోడలు, జామచెట్టు, మూలమలుపులో డాక్టరు. నోటుబుక్కు తీసి వరసగా టిక్కులు పెడుతూ పోయాను. పదకొండింట్లో పది కుదిరాయి. కుదరనిది ఒక్కటే, ఫ్యాక్టరీ గేటు.

ఆయన ఆ జామచెట్టు కింద నిలబడి మెల్లగా లెక్క చెప్పారు. సీజన్ మొదలైతే మూడు షిఫ్టులు. రాత్రి డ్యూటీ దిగాక బస్సో రైలో పట్టుకుని వచ్చేసరికి పొద్దెక్కుతుంది. మళ్ళీ పెందరాళే బయలుదేరాలి. అలసిపోయి అక్కడే ఎవరి గదిలోనో పడుకోవడం మొదలవుతుంది.

"గప్పుడు మీ అమ్మ దగ్గరుంటేంది, ఈడ ఉంటేంది?" అన్నారు.

ఆ ఇల్లు అక్కడితో సరి. సాయంత్రం చిన్న రైలెక్కి బోధన్‌లో దిగాం.

మర్నాడు రోజంతా వానలో ఊరు తిరిగాం. మార్కెట్టు వెనక, మసీదు పక్కగా ఒక గల్లీలోకి వెళ్ళాం. రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత సందు. మేకలు అరుగులెక్కి నిలబడ్డాయి. ఒక ఇంట్లో వెనకవైపు రెండు గదులు ఖాళీ ఉన్నాయని విని ఆగాం. గడపలో ఒక ముసలామె కూర్చుని గోధుమల్లో రాళ్ళు ఏరుతోంది. వెనక అంగణంలో ఆడవాళ్ళు నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ముసలామె నన్ను కిందా మీదా చూసి, గదులు చూపించకుండా, "మిద్దె సూస్తవా?" అని అడిగింది. ఈ వానలో మిద్దె మీద చూసేదేముందని నవ్వి, వద్దన్నాను. బయటకు వచ్చి నోటుబుక్కులో 'ఇరుకు, గోల' అని రాసి ఆ ఇంటిని కొట్టేశాను.

మధ్యాహ్నానికి మా అదృష్టం పండిందనుకున్నాను. ఫ్యాక్టరీకి పోయే వెడల్పాటి రోడ్డు మీద ఇల్లు. గేటుకు ఏడు నిమిషాల నడక, గడియారం పెట్టుకుని ఇద్దరం నడిచి చూశాం. పెద్ద వరండా, ప్రహరీ, ఆవరణలో బావి. రోడ్డు మీద ఆ వేళప్పుడు ఒక సైకిలు, రెండు కుక్కలు తప్ప ఏమీ లేవు. దూరంగా ఫ్యాక్టరీ చిమ్నీ వానలో తడుస్తూ, పొగ లేకుండా, ఊరికి పెట్టిన బొట్టులా నిటారుగా నిలబడి ఉంది. ఇల్లుగలాయన రిటైరైన బడిపంతులు. ముందు గదిలో తానూ భార్యా ఉంటున్నారు. నెమ్మదస్తుడు. గాలి సంగతి అడిగాను.

"గాలికేం లోటు లేదమ్మా. గాలి మస్తుగొస్తది" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. దసరా కాగానే తామిద్దరూ కంఠేశ్వర్‌లో కూతురింటికి పోతారట, మళ్ళీ హోలీకి వస్తారట, ఏటా అంతేనట. వంటింట్లోకి తొంగిచూసే వాళ్ళు అయిదు నెలల పాటు ఊళ్ళోనే ఉండరు కదా అని లోలోపల మురిసిపోయి ఇంకో టిక్కు పెట్టాను. ఆ ముసలివాళ్ళు ఎందుకు పోతారని అడగాలని నాకూ తోచలేదు, బీఎస్సీ చదివిన ఆయనకూ తోచలేదు.

పదకొండుకు పదకొండు.

దసరా దాకా ఆ ఇంట్లో మేం రాజుల్లా ఉన్నాం. పాప వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తేది. సీజన్ లేదు కనక ఆయన సాయంత్రానికే ఇంటికి వచ్చేవారు. అమ్మకు వారానికో ఉత్తరం రాసేదాన్ని. అందులో కొంచెం గొప్పలు కూడా ఉండేవి. దసరా మర్నాడు పంతులుగారు గది తలుపుకు తాళం వేసి, ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టుకుని భార్యతో వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ పంతులుగారి భార్య నా వైపు కొంచెం జాలిగా చూసినట్టు అనిపించింది. కూతురింటికి పోయే ఆమెకు నా మీద జాలెందుకని అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున ఫ్యాక్టరీ కూత వినిపించింది. ఊరంతా ఒక్కసారి నిద్రలేచినట్టయింది. చెరకు బండ్లు రావడం మొదలైంది. మా వెడల్పాటి రోడ్డు అంత వెడల్పుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. కాంటా దగ్గర తూకానికి వంతు కోసం బండ్లన్నీ ఆగేది మా వాకిటి ముందే. ఒకటి వెనక ఒకటి, కనుచూపు మేర. బండి కిందే పొయ్యి, బండి కిందే పడక. ఎడ్ల మెడల్లో గంటలు రాత్రీ పగలూ ఆగవు.

అది మొదట మాకు జాతరలా ఉంది. పాపకు ఎడ్లంటే పిచ్చి. బండివాళ్ళు చెరకు ముక్క చెక్కి దాని చేతిలో పెట్టేవారు. ఊరంతా బెల్లం పాకం వాసన. ఆయనైతే ఆ గంటల మధ్యే రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా దిండు మీద తల పెట్టింది పెట్టినట్టు నిద్రపోయేవారు. ఆయన నిద్ర సంగతి ముందు చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. పిడుగు పడినా లేవరు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ఇంట్లో ఇత్తడి బిందె ఆయన తల పక్కనే దొర్లితే, అటు తిరిగి పడుకున్నారు. ఇంటిల్లిపాదీ అదే కథ ఏడాది చెప్పుకున్నారు.

మసి నాలుగో రోజు కనిపించింది. ఆరేసిన తెల్లచీర తీయబోతే మిరియాలు చల్లినట్టుంది. దులిపితే గీతలు పడ్డాయి. బాయిలర్లలో చెరకు పిప్పి మండిస్తారు, దాని నుసి గాలికి కొట్టుకొస్తుందని ఆయన చెప్పారు. చెరకు ఆడే ఊళ్ళో అది ఉండేదే, ఎవరి తప్పూ కాదు. పంతులుగారు చెప్పినట్టే గాలి మస్తుగా వస్తోంది, నేరుగా చిమ్నీ మీది నుంచే. పెరుగు మీద మసి, పక్కబట్టల మీద మసి, పాప ముక్కు తుడిస్తే రుమాలు మీద మసి. అద్దె ఇల్లు వెతకడం అంతా నేను పొయ్యి వెలగని ఊళ్ళో చేశాను.

తలుపులూ కిటికీలూ మూయడం మొదలుపెట్టాను. సందుల్లో పాత చీర ముక్కలు కుక్కాను. కార్తీకం వెళ్ళే రోజుల్లో పాపకు దమ్ము వచ్చింది. ఆసుపత్రి డాక్టరు వచ్చి మందిచ్చారు, తెల్లవారేసరికి సర్దుకుంది. అది ఒకటి. అమ్మకు రాసిన ఉత్తరంలో జలుబు అని రాశాను. అబద్ధం అంటే పూర్తి అబద్ధం కాదు, జలుబు కూడా ఉంది.

పుష్యంలో ఇంకోసారి సాయంత్రం దగ్గు ఎక్కువై, డొక్క కొంచెం ఎగిరి, అరగంటలో దానంతట అదే తగ్గిపోయింది. ఇది ఒకటా, కాదా? ఆయన డ్యూటీలో ఉన్నారు. నాలో నేనే వాదించుకుని దీన్ని సగం కింద లెక్కవేశాను. రెండు రోజులకు అమ్మ ఉత్తరం వచ్చింది. మాఘం పడగానే వస్తానని రాసింది. పిల్లకు రైల్లో కప్పడానికి ఉన్ని శాలువా కొన్నానని చివర్లో రాసింది. తిరుగు ప్రయాణం అమ్మ మనసులో అప్పుడే అయిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఒక రైతు ఇల్లాలు. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో ఖాళీ బిందె. మొగుడు బండితో మా గోడ పక్కనే రెండు రోజులుగా వంతు కోసం ఉన్నాడు. బావి నీళ్ళు పట్టుకోవచ్చా అని అడిగింది. పట్టుకొమ్మన్నాను.

నీళ్ళు తోడుతూ మూసిన కిటికీల వైపు చూసింది.

"ఏం బిడ్డా, పట్టపగలు తలుపులన్ని మూసుకొని కూసున్నవ్?"

చెప్పాను. పాప సంగతి, మసి సంగతి, అమ్మ వస్తున్న సంగతి. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె పాప వీపు మీద చెయ్యి వేసి చూసింది.

"గీ ఇల్లు ఏ నెలల సూసిండ్రు?"

"శ్రావణంల."

ఆమె చేతిలో బిందె కింద పెట్టి మరీ నవ్వింది. "శ్రావణంల బోధన్ల ఇల్లు సూసుడంటే, నిద్రవొయ్యేటోని గుణం సూసి పిల్లనిచ్చినట్టు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయితే ఏం చెయ్యాలి అవ్వా అన్నాను. ఆమె చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఇదొక పెద్ద విషయమా అన్నట్టు చెప్పింది.

"మిద్దెల దిక్కు సూడు. ఆడోళ్ళు తెల్లటియి యాడ ఎండవెడ్తరో గది సూడు. అప్పడాలో, వడియాలో. మసి వడ్డ అప్పడం ఎవలు తింటరు? ఎండవెట్టెటోళ్ళకు ఎర్కుంటది గాలి ఎటు పోతదో. ఆ మిద్దె కిందనే ఇల్లు తీస్కో."

వానాకాలంలో ఎవరూ ఏమీ ఎండబెట్టరు. నా పదకొండు షరతుల్లో లేనిది, ఆ నెలల్లో ఉన్నా కనిపించనిది ఇదే.

మర్నాడు పాపను చంకనేసుకుని మెడ పైకెత్తి ఊరు తిరిగాను. నన్ను చూసిన వాళ్ళు గాలిపటం పోగొట్టుకున్న మనిషి అనుకుని ఉంటారు. రంగు చీరలు ఆరేసిన మిద్దెలు చాలా ఉన్నాయి, వాటి వల్ల ఏం తెలియదు. మిరపకాయలూ అంతే. ఒక చోట పెద్ద పెద్ద అప్పడాలు కనిపించి ఆశపడ్డాను. ఆ ఇంటావిడను అడిగి పైకెక్కితే అప్పడాల మీద పరిచిన పల్చటి గుడ్డ కనిపించింది. ఎత్తి చూస్తే కింద అప్పడాలు తెల్లగానే ఉన్నాయి, గుడ్డ మాత్రం నల్లగా ఉంది. ఆవిడ నేను కొనడానికి వచ్చాననుకుంది. రెండు డజన్లు కొనక తప్పలేదు.

అప్పడాల మూటతో, పాపతో మార్కెట్టు వెనక్కి వచ్చాను. మసీదు దాటగానే ఒక మిద్దె మీద గాలికి ఊగుతూ తెల్లటి దారాలు కనిపించాయి. వెదురు బొంగుల మీద వరసలు వరసలుగా, మగ్గం మీద ఎక్కించిన నూలులా. కొంత దగ్గరకు పోయాక తెలిసింది, సేమ్యాలు. ఇంకొంచెం దగ్గరకు పోయాక ఆ గల్లీ కూడా తెలిసింది. మేకలు అరుగుల మీదే ఉన్నాయి. నేను నోటుబుక్కులో కొట్టేసిన ఇల్లు.

ఆ ముసలామె అదే గడపలో కూర్చుని ఉంది. గల్లీలో అందరూ ఆమెను బడీమా అంటారు. నన్ను గుర్తుపట్టింది.

"వానల మిద్దె సూడనన్న బేటీవి నువ్వే గద" అంది.

"ఇప్పుడు సూస్త బడీమా" అన్నాను.

పైన ఆడవాళ్ళు నవ్వులాపి నన్ను చూశారు. నేను పాపను దింపి ఒక బొంగు దగ్గర వంగి, సేమ్యాల పోగులు ఒక్కొక్కటీ చూశాను. తర్వాత పిట్టగోడ మీద వేలితో రాసి వేలు చూసుకున్నాను. సున్నం అంటింది. సున్నం తప్ప ఏమీ అంటలేదు. చిమ్నీ అక్కణ్ణుంచీ కనిపిస్తూనే ఉంది, పొగ మాత్రం వీపు తిప్పుకుని అటువైపు పోతోంది. రంజాన్ నెల రాకముందే ఊళ్ళో సగం ఇళ్ళకు తామే సేమ్యాలు చేసిపెడతామని, తన అత్త కాలం నుంచీ ఇదే పనని, చిమ్నీ వచ్చాక అత్త నెల రోజులు మిద్దె మీద తెల్లగుడ్డ ఆరేసి చూసి గానీ పని మళ్ళీ మొదలుపెట్టలేదని బడీమా మెట్ల దగ్గర కూర్చుని చెప్పింది. పదకొండు షరతులు రాసుకున్న నాకు ఆ గుడ్డ తట్టలేదు.

గదులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఇస్తావా అని అడిగాను. బడీమా నా మొహం చూడకుండా ఆయన డ్యూటీ వేళలు అడిగింది. చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పంటడు. నా ఆంగన్ల పదిమంది ఆడోళ్ళు పని చేస్తరు. నోరు మూసుకొని సేమ్యాలు తియ్యమంటే చెయ్యి నడవది బేటీ. నాలుగొద్దులకు నీ మొగుడు లేచి కొట్లాటకొస్తడు. ఇంతకుముందు ఒకడు గట్లనే వచ్చిండు. రంజాన్ అయినంక రా."

రంజాన్ అయ్యాక అంటే అమ్మ వచ్చి, శాలువా కప్పి, పాపను తీసుకుపోయాక.

"ఆయన నిద్ర సంగతి మీకెర్క లేదు బడీమా. నెత్తి పక్కన ఎడ్లు గంటలు కొట్టినా లెవ్వరు."

"అందరు పెండ్లాలు గట్లనే చెప్తరు. తీస్కరా. ఈడ పండవెట్టి సూస్త."

నవ్వులాటకు అన్నదేమో అనుకున్నాను. కాదు, ఆమె నిజంగానే అంది.

మర్నాడు పొద్దున్నే, రాత్రి డ్యూటీ దిగిన మనిషిని ఇంటికి రానీయకుండా ఫ్యాక్టరీ గేటు నుంచే నేరుగా ఆ గల్లీకి తీసుకుపోయాను. దారిలో సంగతంతా చెప్తే ఆయన నడుస్తూనే ఆవలించి, పెళ్ళిచూపులప్పుడు కూడా తననెవరూ ఇట్లా పరీక్ష పెట్టలేదన్నారు. వెనక గదిలో బడీమా చాప వేయించింది. తలుపు బార్లా తెరిచి పెట్టించింది. గదికి మూరెడు దూరంలో మంచం పట్టెకు బిగించిన సేమ్యాల మిషను. ఒకామె పిండి ముద్ద కుక్కి పిడి తిప్పుతుంటే ఇంకొకామె కింద జారే పోగుల్ని చేతుల మీదికి అందుకుని బొంగుల మీద వేస్తుంది. ఆయన సిగ్గుపడుతూ గోడ వైపు తిరిగి పడుకున్నారు. రెండో నిమిషంలో గురక.

ఆడవాళ్ళు మొదట మామూలుగా మాట్లాడుకున్నారు. తర్వాత కొంచెం గట్టిగా. ఆ తర్వాత కావాలనే. ఒకామె ఇత్తడి తాంబాళం నేలకేసి కొట్టింది. ఇంకొకామె గది గుమ్మంలో నిలబడి కోడిపుంజులా కూసింది. పాపకు అది నచ్చి అదీ కూసింది. మిషను పిడి కిర్రుమంటోంది, మేక ఒకటి లోపలికి వచ్చి ఆయన కాళ్ళు వాసన చూసి పోయింది. నేను మాత్రం గోడకు ఆనుకుని, పాప ఊపిరి లెక్కపెట్టినట్టే ఆయన గురక లెక్కపెడుతూ నిలబడ్డాను. నా సంసారం మొత్తం ఆ గురక మీద ఆధారపడి ఉంది.

పదకొండు గంటల వేళ ఉన్నట్టుండి ఆయన దిగ్గున లేచి కూర్చున్నారు. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన మమ్మల్నెవర్నీ చూడలేదు. కళ్ళు సగం తెరిచి, చెవి రిక్కించి,

"ఫ్యాక్టరీ ఎందుకాగింది?" అన్నారు.

అప్పుడు అందరం విన్నాం. దూరంగా రాత్రీ పగలూ ఉండే ఆ రొద లేదు. ఉన్నంతసేపూ మాలో ఎవరికీ అది వినిపించలేదు, ఆగిపోయిందనీ తెలియలేదు. రెండు మూడు నిమిషాలకు మళ్ళీ మెల్లగా మొదలైంది. ఆయన ఊపిరి పీల్చుకుని, అది ఎవరి ఇల్లో కూడా గుర్తులేకుండా, చాప మీద మళ్ళీ వాలిపోయారు.

తాంబాళం కొట్టిన ఆమె పిండి చేతులతోనే కడుపు పట్టుకుని కూలబడింది. బడీమా మాత్రం నవ్వలేదు. గంభీరంగా తల ఊపింది.

"లొల్లికి లెవ్వడు, సప్పుడు బందైతే లేస్తడు. గిసుంటోనికి ఇల్లియ్యకుంటే ఇంకెవలికియ్యాలె?"

షరతులు ఆమెవీ ఉన్నాయి. రంజాన్ నెల పొడుపు దాకా మిద్దె ఆమెది. మా తడిబట్టలు అక్కడ ఆరేయకూడదు. ఇంకొకటి, పైన సేమ్యాలు ఉన్నంతసేపు నేనో పాపో కాకుల్ని తోలాలి. నోటుబుక్కు తీయకుండానే అన్నింటికీ ఒప్పుకున్నాను.

సామాను ఎలా చేర్చాలా అనుకుంటుంటే ఆ రైతు ఇల్లాలే దారి చూపింది. వాళ్ళ బండి ఆ రోజే కాంటా దాటింది. చెరకు దించేసిన ఖాళీ బండి ఎలాగూ ఊరి మీదుగానే వెనక్కి పోవాలి. మంచాలు, ట్రంకులు, బియ్యం డబ్బా, పైన నేనూ పాపా ఆమే. బండి మా పెద్ద వరండా దాటుతుంటే పాప ఇంటికి చెయ్యి ఊపింది. పంతులుగారికి కంఠేశ్వర్‌కు ఉత్తరం రాశాం. ఆయన ఏమీ అనుకోలేదు. ఈసారి ఎవరైనా అడిగితే మసి సంగతి కూడా చెప్తానని జవాబు రాశారు. గాలి గురించే అడిగారని గాలి గురించే చెప్పారట.

కొత్త ఇల్లు నా జాబితాతో పోలిస్తే ఏడింట్లో తప్పింది. గల్లీ ఇరుకే. కాలువ ఉంది. వంటింట్లోకి తొంగిచూసే వాళ్ళయితే ఒకరు కాదు, పదిమంది. నేను కూర మాడబెడితే వాసన పట్టి గోడవతల నుంచి అది ఏ కూరో చెప్పేవారు. ఫ్యాక్టరీ గేటుకు ఇరవై రెండు నిమిషాలు. కానీ కిటికీలు తెరిచి ఉండేవి. పాప పొద్దున్నే చిన్న కర్ర పట్టుకుని మిద్దెక్కేది, ఎండలో కూర్చుని కాకులతో కొట్లాడేది. కాకులు లేనప్పుడు గాలితో కొట్లాడేది.

అమ్మ మాఘం మొదట్లో వచ్చింది. చేతి సంచీలోంచి ఎర్రంచు బూడిదరంగు శాలువా తీసి మంచం మీద పెట్టింది. వారం రోజులు పాప పక్కనే పడుకుంది, పాప వెంటే తిరిగింది. రోజూ దాని వీపుకు చెవి ఆనించి వినేది. ఈ అలవాటు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. మూడో రోజుకల్లా అమ్మ కూడా మిషను దగ్గర చేరింది. పోగులు తెగకుండా అందుకోవడం నేర్చుకుంది. ఆమెకూ బడీమాకూ ఒకరి మోకాళ్ళ నొప్పులు ఒకరికి బాగా అర్థమయ్యాయి.

ఏడో రోజు మిద్దె మీద ఇద్దరమే ఉన్నప్పుడు నేను దాచింది చెప్పేశాను. జలుబు అని రాసింది జలుబు కాదని, దమ్మేనని చెప్పాను.

"ఎన్నిసార్లొచ్చింది?"

"ఒకటిన్నర."

అమ్మ నా వైపు తిరిగింది. "అర ఏందే?"

ఆ సాయంత్రం సంగతి చెప్పాను. దగ్గు, కొంచెం ఎగిరిన డొక్క, అరగంట. ఆమె వింటూ పిట్టగోడ మీద వేలితో రాసి వేలు చూసుకుంది, నేను చూసుకున్నట్టే. పాప అవతల మూల కర్ర ఎత్తి ఒక కాకిని తిడుతోంది. ఆ తిట్లు బడీమా నేర్పినవి. అరిచి అరిచి ఆగింది. అమ్మా నేనూ ఇద్దరం ఒకేసారి చెవులు రిక్కించాం. ఊపిరిలో కూత లేదు. కాకి మీద కోపం ఒక్కటే ఉంది.

"ఆ అర పిల్లది గాదు, నీది" అంది అమ్మ. "నీ బుగులుది, నీ భయానిది. గది నీకు పిల్ల పుట్టిన్నాడే వచ్చింది, గది పోదు. లెక్కల రాయకు."

మర్నాడు పొద్దున రైలుకు అమ్మ ఒక్కతే బయలుదేరింది. బడీమా ఎండిన సేమ్యాలు పెద్ద చుట్ట కట్టి ఇచ్చింది, దారిలో విరగకుండా దేనిలోనైనా చుట్టుకొమ్మంది. అమ్మ ఇల్లంతా ఒకసారి చూసి, మంచం మీది ఉన్ని శాలువా తీసి, అందులో ఆ చుట్టను పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. రిక్షా గల్లీలోకి వెనక్కి వచ్చి ఎక్కించుకోవలసి వచ్చింది, ఎదురుగా ఇంకో రిక్షా ఉంది.

ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి వెనక గదిలో పడుకున్నారు. లేపుతానంటే అమ్మ వద్దంది. అంగణంలో అందరూ ఒకేసారి అమ్మకు వీడ్కోలు చెప్తున్నారు, పాప కోడిపుంజులా కూస్తోంది, రిక్షావాళ్ళిద్దరూ దారి కోసం అరుచుకుంటున్నారు. ఆయన మాత్రం కదల్లేదు. దూరంగా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది.